ఎర్ర ట్యాంకు

“పది నిమిషాలు. అంతకంటే ఒక్కటి ఎక్కువైనా ఒప్పుకోను” అన్నాడు సబిన్‌స్పెక్టర్ జనార్ధనరావు, కుర్చీలోంచి లేవకుండానే.

“అరగంట ఇస్తామని లాయరు పరంధామయ్యగారితో అన్నారట?”

“లాయరుగారు కోర్టులో మాట్లాడతారు. ఇది కోర్టు కాదు.”

డిటెక్టివ్ సంజీవరావు వాదించలేదు. ఒకప్పుడు ఆయన కూడా ఈ ఖాకీ బట్టలే వేసుకున్నాడు. ఒక పెద్దమనిషి కొడుకు కేసులో నోరు మూసుకోమంటే, మూసుకోలేక బయటికొచ్చాడు. ఇప్పుడు లాలాపేటలో ఒక గది, ఒక పాత లాంబ్రెటా స్కూటరు, ముద్దాయిల తరఫు వకీళ్లు పంపే పని. అంతే.

ఈసారి ముద్దాయి నాచారం మోటారు సైకిల్ మెకానిక్ అబ్రహాం. చనిపోయింది అదే వీధిలో ఒంటరిగా ఉండే సువార్తమ్మ, దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. నిన్న, ఆదివారం తెల్లవారుతుండగా, ఎవరో ఆమె తల పగలగొట్టి చంపారు. నిన్న సాయంత్రమే అబ్రహాంను పట్టుకున్నారు. ఈ సాయంత్రంలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అక్కడ అబ్రహాం ఇప్పటిలాగే నోరు విప్పకుండా తలవంచుకు నిలబడితే, ఉరికంబానికి సగం దారి నడిచినట్టే.

సంజీవరావు వెనకే జనార్ధనరావు కూడా లాకప్ దాకా వచ్చి, ఊచలకు భుజం ఆనించి నిలబడ్డాడు.

“మేమిద్దరం విడిగా మాట్లాడుకోవాలి.”

“మాట్లాడుకోండి. నేను వినడం లేదనుకోండి.”

అబ్రహాం గోడ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పై పెదవి వాచింది. గోళ్లలో గ్రీజు ఇంకా పోలేదు.

“అబ్రహాం, నన్ను నీ భార్య ఎలిజబెత్ పెట్టిన లాయరు పంపిండు. సువార్తమ్మ దగ్గర పాత మోటారు సైకిల్ కొన్నవట. ఎందుకు కొన్నవు?”

“నా బండి కోసం సార్. నాది బి.ఎస్.ఏ. మిలిటరీ హర్రాజుల తీస్కున్న. కొత్త సామాన్లు ఏడ దొరుకుతయ్? సువార్తమ్మ కొడుకు బండి గూడ గదే మోడల్. దాన్ని ఇప్పి, పనికొచ్చేటియన్నీ నా బండికి ఎక్కిద్దమని కొన్న.”

“ఆదివారం తెల్లారేటప్పుడు ఏడున్నవు?”

“ఇంట్ల పండుకున్న సార్. నా పెండ్లాన్ని అడుగుండ్రి.”

“పెళ్లాం సాక్ష్యం. బాగుంది” అన్నాడు జనార్ధనరావు.

సంజీవరావు అతని వైపు చూడలేదు. “ఆ టైముకు సువార్తమ్మ గుమ్మం ముందు నుంచి ఎర్ర ట్యాంకు మోటారు సైకిల్ ఒకటి పోయింది. చూసినవాళ్లున్నరు. ఎర్ర ట్యాంకు ఇప్పుడు నీ బండికుంది. అది ఎప్పుడు ఎక్కించినవు?”

అబ్రహాం నోరు తెరిచాడు. అతని చూపు సంజీవరావు భుజం మీదుగా ఊచల దగ్గరికి పోయింది. నోరు మళ్లీ మూతపడింది.

“చెప్పవోయ్” అన్నాడు జనార్ధనరావు మెత్తగా. “నీ బండి, నీ ట్యాంకు. చెప్పడానికేం?”

“నాదే సార్.”

“ఎవరిదని అడగలేదు నేను. ఎప్పుడు ఎక్కించినవని అడిగిన” అన్నాడు సంజీవరావు.

అబ్రహాం తల వంచుకుని గోళ్లలోని గ్రీజు గీక్కోసాగాడు.

జనార్ధనరావు లాఠీతో ఊచను ఒక్కసారి తట్టాడు. “నేనడుగుతా, వినండి. శనివారం నాడు ‘రేపు ముసలిదాని పని ఖతం’ అన్నావా, లేదా?”

“అన్న సార్. కని అదీ...”

“అంతే. విన్నారుగా సంజీవరావుగారూ? టైమైంది.”

బయట గదిలోకి రాగానే సంజీవరావు అడిగాడు: “చంపడానికి కారణం ఏమని రాశారు?”

“ముసలావిడ బండి వెనక్కి ఇమ్మంది. వీడు ఇవ్వనన్నాడు. శనివారం సాయంత్రం ఆవిడే ఇక్కడికొచ్చి ఏడ్చింది. ఇంకేం కావాలి?”

“ఆయుధం?”

“దొరుకుతుంది.”

“దొరక్కుండానే కోర్టుకు పంపుతారా?”

“సాయంత్రం దాకా టైముంది కదండీ” అన్నాడు జనార్ధనరావు, సిగరెట్ ముట్టించుకుంటూ. “ఉద్యోగం వదిలేసినవాళ్లకు ప్రతి కేసూ కథలాగే కనిపిస్తుంది. మాకు ఆ తీరిక లేదు.”

“తీరిక లేకనే అరెస్టు ఒక్క పూటలో అయిపోయింది.”

“బయటికి దారి అటు.”

* * *

సాక్షి పేరు కనకమహాలక్ష్మి. భర్త నాచారంలోని ఒక కంపెనీలో గుమాస్తా. భీమవరం నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఆమె ఇంటి ప్రహరీకి ఒక పక్క అబ్రహాం షెడ్డు, ఎదురుగా సువార్తమ్మ ఇల్లు. డిటెక్టివ్‌ను గేటు బయటే నిలబెట్టి మాట్లాడింది.

“నేను చూసిందే చెప్పానండీ. ఒక్క ముక్క కల్పించలేదు.”

“ఎవరూ కాదనలేదమ్మా. మళ్లీ ఒక్కసారి చెప్పండి.”

“ధనుర్మాసం కదండీ, పెందలాడే లేస్తాను. ముగ్గు సగం పడింది. అప్పుడే వెలుగొస్తోంది. మోటారు సైకిలు చప్పుడైతే తలెత్తాను. బండి సువార్తమ్మ గుమ్మం ముందు నుంచి కదిలి ఇటే వచ్చింది. ముగ్గు తొక్కేస్తాడేమోనని చక్రాల వంకే చూశాను గానీ మనిషిని చూళ్లేదు. తలకు మఫ్లరు. ట్యాంకు మాత్రం ఎర్రగా ఉంది.”

“అబ్రహాం బండి అని మీరే అన్నారా?”

“నేననలేదు. ఎస్సైగారన్నారు. మా ఆయన ఆఫీసుకు పరిగెత్తి, సిటీలో పోలీసు పెద్దాఫీసుకు ఫోన్ చేసి, ఎర్ర ట్యాంకు సంగతి కూడా చెప్పారు. తర్వాత ఎస్సైగారు జీపులో వచ్చారు. ఎరుపేనా అని రెండుసార్లు అడిగారు. ఫోన్‌లో కూడా చెప్పేశామండీ అంటే, సరే, వీధిలో మాత్రం ఎవరితోనూ అనకండి, సాక్షికి ప్రమాదం అన్నారు. అప్పటి నుంచి గేటు దాటలేదు నేను.”

“శనివారం గోడ అవతల నుంచి విన్న మాట?”

ఆమె గొంతు తగ్గించింది. “‘రేపు ముసలిదాని పని ఖతం. గుండె తీసి చిన్నదానికి పెడతా’ అన్నాడండీ. ఒళ్లు జలదరించింది. మా ఆయనతో చెబితే, ‘వీళ్ల మాటలు మనకి సగమే తెలుస్తాయి, లోపలికి రా’ అన్నారు. తెల్లారేసరికి ఇదీ. పోలీసులకి చెప్పకుండా ఎలా ఉంటాను?”

“మంచి పనే చేశారు” అన్నాడు సంజీవరావు. మనసులో మాత్రం ఒక మాట దగ్గర ఆగిపోయాడు. మనిషిని చంపేవాడు గుండె తీస్తానని ఎందుకంటాడు? తీసి ఎవరికి పెడతాడు?

* * *

షెడ్డు తలుపు తీసి ఎలిజబెత్ పక్కకు తప్పుకుంది. రాత్రంతా ఏడ్చిన కళ్లు. అయినా చీర కొంగు నడుముకు బిగించి పనికి సిద్ధంగా ఉన్న మనిషిలా నిలబడింది.

లోపల రెండు మోటారు సైకిళ్లు. ఒకటి స్టాండు మీద నిటారుగా ఉంది, దాని ట్యాంకు ఎర్రగా మెరుస్తోంది. రెండోదాన్ని సగం విప్పి గోడకు చేరేశారు. ట్యాంకు లేదు, సీటు లేదు, లైటు లేదు. సంజీవరావు దాని వైపు అడుగు వేశాడు.

“పైలం సార్. ముసలిది మీద పడ్తది.”

సంజీవరావు ఆగిపోయాడు. “ఎవరు పడతరు?”

“గదే సార్, ముసలిది.” ఆమె విప్పిన మోటారు సైకిల్‌ను చూపించింది. “మా ఆయన గిట్లనే పేర్లు పెడ్తడు. సువార్తమ్మ తాన కొన్నది ముసలిది. మాది చిన్నది.”

“మరి గుండె?”

“మాగ్నెటో సార్. గది లేకుంటే ఇంజన్ల నిప్పు పుట్టదట. ముసలిదాని గుండె మంచిగున్నదని మస్తు ఖుష్ అయిండు.”

సంజీవరావు మడమల మీద కూర్చున్నాడు. నవ్వు రావలసిన చోట రాలేదు. పోలీసులు ‘ముసలిదాని పని ఖతం అన్నావా’ అని అడిగితే అబ్రహాం ‘అన్న సార్’ అన్నాడు. నిజమే చెప్పాడు. ఆ తర్వాతి మాటను అతని నోట్లోంచి జనార్ధనరావు రానివ్వలేదు.

ఆయన రుమాలుతో చేతులు తుడుచుకుని ముసలిదాన్ని చూడటం మొదలుపెట్టాడు. హ్యాండిల్ రెండు కొసలు. బ్రేకు లివరు. కాలు పెట్టుకునే ఇనుప కడ్డీలు రెండు వైపులా. వెనక మడ్‌గార్డు. తుప్పు ఉంది, దుమ్ము ఉంది, బూజు ఉంది. ఆయన వెతుకుతున్నది మాత్రం లేదు. రెండోసారి చూశాడు. అప్పుడూ లేదు.

“ఇది సువార్తమ్మ కొడుకు దేవానందం బండే గద? దీని మీదికెల్లి పడి చనిపోయిండని లాయరుగారన్నరు. ఏమయిందమ్మా?”

“పోయిన వానకాలం సార్. కార్ఖానల యూనియన్ కొట్లాటయింది. పొద్దుగూకినంక ఠాణాకు రమ్మంటే గీ బండేస్కొనే పోయిండు. తెల్లారి ఉప్పల్ చెరువు కట్ట కాడ బండి మీదికెల్లి పడి సచ్చిండని చెప్పిన్రు. శవాన్నీ, బండినీ గాళ్లే తెచ్చి ఇచ్చిన్రు. సువార్తమ్మ బండి మీద గుడ్డ కప్పింది. మళ్ల తియ్యలే, మా ఆయనకు అమ్మేదాంక.”

“అప్పుడు గూడ ఠాణాల ఈ ఎస్సైనేనా?”

“గీయనే సార్.”

ఇంత బరువున్న మిలిటరీ బండి మనిషి ప్రాణం తీసేటంత జోరుగా పడితే, హ్యాండిల్ వంగాలి. కడ్డీ వంగాలి. లివరు విరగాలి. కనీసం ఇనుము మీద ఒక గీతయినా పడాలి. ఈ బండి ఎప్పుడూ నేల మీద పడలేదు. అంటే దేవానందం కూడా దీని మీది నుంచి పడలేదు. ఠాణాలోకి నడిచి వెళ్లిన మనిషి చెరువు కట్ట మీద శవమై తేలాడు.

“ఈ బండి పడ్డ బండి కాదని అబ్రహాం గమనించిండా?”

“తెల్వక అన్నడు సార్.” ఎలిజబెత్ ముసలిదాని హ్యాండిల్ మీద చెయ్యేసింది. “శనివారం ఆమె చూడొస్తే, ‘అమ్మా, నీ బండి మస్తుగున్నది, ఎన్నడు కింద పడ్డట్టే లేదు’ అని మెచ్చుకుండు. ఆమె బండి చుట్టు తిరుక్కుంట అంతటా చేత్తోని తడిమింది. గట్లనే ఠాణాకు పోయింది. వాపసొచ్చి, ‘రేపు ప్రార్థనయినంక చర్చి అయ్యగారిని తోలుకొని సిటీల పోలీసు పెద్ద సాబ్ తానకు పోతనే బిడ్డా’ అన్నది. ప్రార్థనకే పోలే.”

బండి వెనక్కి ఇమ్మని ఏడ్వడానికి పోలేదన్న మాట సువార్తమ్మ. నా కొడుకును ఏం చేశారని అడగడానికి పోయింది. అడిగిన మనిషి మర్నాడు సూర్యుణ్ణి చూడలేదు.

వీధిలో మోటారు సైకిల్ చప్పుడు దగ్గరై, షెడ్డు ముందు ఆగింది.

జనార్ధనరావు దిగాడు. అతని బండి నల్లటిది. అదే మోడల్ బి.ఎస్.ఏ.

“ఎవరినడిగి ముట్టుకుంటున్నారివన్నీ?”

“ముట్టుకోలేదు. చూస్తున్నా.”

“ఏం కనిపించింది?”

“తుప్పు” అన్నాడు సంజీవరావు, రుమాలు జేబులో పెట్టుకుంటూ.

“మీకు పనికొచ్చేది అదే. మధ్యాహ్నం ఈ రెండు బండ్లూ స్టేషన్‌కు తీసుకుపోతున్నాం. ఇక మీరు దయచేస్తే...”

మాట పూర్తి కాలేదు. ఎలిజబెత్ వచ్చి అతని కాళ్ల ముందు కూలబడింది.

“సార్, మా ఆయనకు ఏం తెల్వదు సార్. మీ బాంచెన్. మీ బండి ట్యాంకు కారుతున్నదంటే, మీకు తక్లీఫ్ కావద్దని ముసలిదాని ఎర్ర ట్యాంకు ఇప్పి మీ బండికి పెట్టిచ్చిండు గద సార్. మీ ట్యాంకుకు మాటేసి ఇచ్చేదాంక మీరు గదాని మీదనే తిరిగిన్రు గద. గదన్న జర యాది జేస్కోండి సార్. గంత నమ్మకంగ పనిచేసినోడు ఖూనీ జేస్తడా?”

జనార్ధనరావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

గిరాకీకి వచ్చిన మనిషి ఒక వస్తువు రిపేరుకిస్తే, అది అయ్యేదాకా ఇంకో బండిది విప్పి పెట్టి పంపడం మెకానిక్కుల పద్ధతి. పోలీసు గిరాకీ అయితే అడగక్కర్లేకుండానే పెడతారు. ఎలిజబెత్ ఆ మంచితనాన్ని గుర్తు చేసి భర్తను విడిపించుకుందామనుకుంది. సాక్షి చూసినది ఏ రంగో ఆమెకు తెలియదు. ఆమెకు తెలియకుండా జాగ్రత్తపడిన మనిషి ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

సంజీవరావు కళ్లు తనకు తెలియకుండానే నల్ల బండి ట్యాంకు మీదికి పోయాయి. అంచు దగ్గర కొత్తగా వేసిన మాటు తెల్లగా మెరుస్తోంది. చూపు తిప్పుకునేసరికి జనార్ధనరావు ఆయన్నే చూస్తున్నాడు.

సంజీవరావుకు అర్థమైందని అతనికీ అర్థమైంది.

“లేవమ్మా” అన్నాడు జనార్ధనరావు చాలా మెత్తగా. “నీ మొగుడి సంగతి నేను చూసుకుంటా.”

అతను బయటికి నడిచాడు. వెంటనే బండి చప్పుడు వినపడలేదు. కాసేపాగి ఇంజను మొదలైంది. చప్పుడు వీధి చివరికి పోయింది.

“ఎలిజబెత్, గట్టిగా గుర్తు చేస్కో. ఎర్ర ట్యాంకు వాపస్ ఎప్పుడొచ్చింది?”

“నిన్న పగటీలి సార్. సువార్తమ్మ శవాన్ని అప్పటికింక లేపనే లేదు. ఎస్సై సాబ్ బండిని జవాను నడిపిస్కొచ్చిండు. ట్యాంకు మార్చి, ఎర్రదాన్ని ఇప్పుడే చిన్నదానికి ఎక్కియ్యాలె, సాబ్ హుకుం అన్నడు. గిప్పుడెందుకురా అని మా ఆయన ఏడ్సుకుంటనే ఎక్కిచ్చిండు. మాపటికొచ్చి పట్కపోయిన్రు.”

తెల్లవారుజామున ఎర్ర ట్యాంకు ఎస్సై బండికి ఉంది. మధ్యాహ్నం అబ్రహాం బండికి వచ్చింది. సాయంత్రం అదే సాక్ష్యమైంది. అబ్రహాం లాకప్‌లో నోరు తెరిచి, ఊచల వైపు చూసి, మళ్లీ ఎందుకు మూసుకున్నాడో సంజీవరావుకు ఇప్పుడు అర్థమైంది. పెళ్లాం మాట కోర్టులో నిలవదు; ఈ సంగతి చెప్పి నిలబెట్టగల మనిషి, ట్యాంకు మార్చిన అతనొక్కడే. చెప్పవలసిన చోటు మేజిస్ట్రేటు కోర్టు. అతను ఉన్నది జనార్ధనరావు చేతిలో.

ఆయన ఒక్క ఉరుకున బయటికొచ్చి స్కూటరును కిక్ కొట్టాడు. పలకలేదు. వంగి చూశాడు. ప్లగ్గుకు పోయే వైరు తెగలేదు, అసలు లేనే లేదు. ఎవరో గుంజి తీసుకుపోయారు. బండి చప్పుడు ఆలస్యంగా ఎందుకు మొదలైందో తెలిసింది.

“అమ్మా, ముసలిదాని ప్లగ్గు వైరుందా?”

ఎలిజబెత్ పటకారు తీసుకుని ముసలిదాని మీద వంగింది. వైరు గుంజి, కొస గీకి చేతికిచ్చింది. అది స్కూటరుకు సరిపోయే వైరు కాదు. పొడుగెక్కువ, కొస వేరు. సంజీవరావు రాగి తీగల్ని వేళ్లతో మెలిపెట్టి, గుడ్డపేలికతో కట్టాడు. వేళ్లు తెగాయి. మూడుసార్లు కిక్ కొట్టాక ఇంజను దగ్గి, అందుకుంది.

“పక్కింటామె భర్త ఆఫీసుకు ఉరుకు. అక్కడ ఫోనుంది. లాయరు పరంధామయ్యగారికి చెప్పించు. మేజిస్ట్రేటు దగ్గరికి ఇప్పుడే పోవాలె, అబ్రహాం ప్రాణానికి ముప్పుంది అని చెప్పించు. ఇంకెవరితోని మాట్లాడకు.”

“సార్, ముప్పంటే...”

ఆయన అప్పటికే స్కూటరు తిప్పేశాడు.

* * *

స్టేషన్ ముందు జీపు లేదు. జనార్ధనరావు నల్ల బండి మాత్రం చెట్టు కింద ఉంది. ఇంజను మీద చెయ్యి పెడితే ఇంకా కాలుతోంది.

లోపల హెడ్ కానిస్టేబుల్ బసవరాజు ఒక్కడే ఉన్నాడు. పాత హైదరాబాదు పోలీసు మనిషి. ఒకప్పుడు సంజీవరావు కిందే పనిచేశాడు. లాకప్ తలుపు బార్లా తెరిచి ఉంది.

“అబ్రహాం ఏడి?”

“సాబ్ తోలుకపోయిండన్న. కొట్టిన రాడు నాగోల్ దిక్కు మూసీల పారేసిండట. చూపిస్తనని ఒప్పుకుండట.”

“ఎవరి ముంగట ఒప్పుకుండు?”

బసవరాజు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

“ఎంతమంది పోయిన్రు?”

“ఇద్దరే. సాబే జీపు నడుపుతున్నడు. డ్రైవర్‌ను చాయ్ తాగి రమ్మన్నడు. సాక్ష్యానికి పంచులను గూడ పిలువలే.”

“ఎంతసేపయింది?”

“గిప్పుడే. నువ్వు ఎదురు పడ్తవనుకున్న. వెనక రోడ్డుకెల్లి పోయినట్టున్నడు.”

సంజీవరావు వెనక్కి తిరుగుతూ ఆగాడు. గోడకు కొట్టిన మేకుకు ఒక జత బేడీలు వేలాడుతున్నాయి. తాళంచెవి వాటికే ఉంది.

“ఇంకో జత ఉన్నదా ఇక్కడ?”

“లేదన్న. ఇదొక్కటే.”

“ఖూనీ ముద్దాయిని ఏటి ఒడ్డుకు తీస్కపోతున్నడు. బేడీలు లేకుండనా?”

బసవరాజు ఆయన మొహంలోకి చూడలేకపోయాడు. గోడతో మాట్లాడినట్టు చెప్పాడు.

“నేను యాది జేసిన అన్న. ‘సాబ్, బేడీలు’ అన్న. సాబ్ రివాల్వర్ల తూటాలు నింపుతున్నడు. నా దిక్కు చూడకనే, ‘వద్దులే బసవరాజూ, చేతులు కట్టేసుంటే వాడు సరిగ్గా పరిగెత్తలేడు’ అన్నడు.”